సెట్ పాయింట్ ఎవరు పెట్టారు? – ఎంటర్‌ప్రైజ్ ఓడకు ప్రాణం వచ్చిన ఎపిసోడ్ మీద నా సమాధానం

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. "స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్‌లో 'ఎమర్జెన్స్' అనే ఎపిసోడ్ చూశాను. ఎవరూ ప్రోగ్రామ్ రాయకుండా ఓడకి దానంతట అదే ప్రాణం రావడం సైన్సేనా, ఉత్త కథేనా? మధ్యలో ఆ రైలు ఎందుకు? చివర్లో కెప్టెన్ ఆ పుట్టినదాన్ని ఊరికే వదిలెయ్యడం సబబేనా?" అని అడిగావు. ఒంగోలులో ఈఈఈ మూడో సంవత్సరం అని కూడా రాశావు కాబట్టి మన లైను భాషలోనే చెబుతాను.

నేను థర్మల్ పవర్ స్టేషన్లలో కంట్రోల్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో 31 ఏళ్లు పనిచేశాను. రిటైరయ్యాక నెల్లూరులో ఉంటున్నాను. ఈ ఎపిసోడ్ మొదటిసారి మా అబ్బాయి చూపించాడు. నీ ప్రశ్న చూశాక మొన్న రాత్రి మళ్లీ పెట్టుకుని, ఆపుకుంటూ ఆపుకుంటూ చూశాను.

ముందు ఒక్క ముక్కలో జవాబు. ఎవరూ రాయని ప్రవర్తన ఒక యంత్రంలో పుట్టుకురావడం నూటికి నూరుపాళ్లు సైన్సే. నేను కళ్లారా చూశాను. ఆ ప్రవర్తన ఒక కోరికగా మారడం మాత్రం ఇప్పటిదాకా ఏ యంత్రంలోనూ ఎవరూ చూడలేదు. ఈ ఎపిసోడ్ ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో సరిగ్గా పట్టుకుంది. నాకు ఇది అంత నచ్చడానికి కారణం అదే.

చూడనివాళ్ల కోసం కథ కొంచెం చెప్పాలి. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ, దాని సిబ్బంది ప్రయాణాల గురించిన టీవీ సిరీస్ ఇది. 'ఎమర్జెన్స్' ఏడో సీజన్‌లో 23వ ఎపిసోడ్, 1994 మేలో వచ్చింది. దీని తరువాత ఇంకొక్క కథ, ఆపైన ముగింపు కథ, అంతటితో సిరీస్ అయిపోయింది. మొదట్లో హోలోడెక్‌లో, అంటే కంప్యూటర్ ఏ దృశ్యం కావాలంటే ఆ దృశ్యాన్ని నిజంలా నిలబెట్టే గదిలో, ఆండ్రాయిడ్ అయిన డేటా షేక్‌స్పియర్ నాటకం 'టెంపెస్ట్'లో ప్రాస్పెరో వేషం వేస్తుంటాడు. కెప్టెన్ పికార్డ్ చూస్తుంటాడు. ఉన్నట్టుండి నాటకం మధ్యలోకి ఒక రైలు దూసుకొస్తుంది. అది వేరే ప్రోగ్రామ్‌లో ఉండాల్సిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్. కాసేపటికి ఓడ ఎవరూ చెప్పకుండానే వార్ప్ వేగం, అంటే వెలుగు కంటే ఎక్కువ వేగం, అందుకుంటుంది. కంట్రోల్స్ ఎవరి మాటా వినవు. తరువాత లెక్క చూస్తే, అలా దూకకపోయి ఉంటే ఓడ ఆ క్షణాల్లోనే పేలిపోయేదని తేలుతుంది. గోడల వెనక సన్నటి గొట్టాల్లాంటి దారుల్లో వెతికితే, ఓడలో విడివిడిగా ఉండాల్సిన వ్యవస్థలను ఒకదానితో ఒకటి కలుపుతూ కొత్త ముడులు పెరిగి ఉంటాయి. వాటి జోలికి వెళ్తే అవి తమను తాము కాపాడుకుంటాయి. ఆ ముడులన్నీ కలిసి మెదడులాంటి వల అవుతున్నాయని డేటా అంటాడు. అక్కడి నుంచి ఓడ ఒక తెల్ల మరుగుజ్జు నక్షత్రం దగ్గరికి పోయి, వెర్టియాన్ అనే కణాలు పోగు చేసుకుని, సరుకులు పెట్టే గదిలో ఏదో ఒక రూపాన్ని తయారు చేయడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు నా అనుభవం చెబుతాను. ఇది లేకపోతే పై కథ నాకు కూడా గాలి కబురే అయ్యేది.

210 మెగావాట్ల యూనిట్. ఓవర్‌హాల్ అయి లైన్లోకి వచ్చి వారం అయ్యింది. బాయిలర్ వైపు లూపులు, అంటే కొలుచుకుంటూ తమంతట తామే సరిదిద్దే కంట్రోళ్లు, ఒక బృందం ట్యూన్ చేసింది, టర్బైన్ వైపు లూపులు ఇంకో బృందం చేసింది. విడివిడిగా పరీక్షిస్తే రెండూ ముత్యాల్లా నడిచాయి. ట్రెండ్ కాగితాల మీద సంతకం పెట్టి తీసుకున్నది నేనే. ఆ రాత్రి మొదటిసారి రెంటినీ కలిపి కోఆర్డినేటెడ్ మోడ్‌లో వేశాం. గంటసేపు ఏమీ లేదు. టీ తాగి వచ్చాక చూస్తే లోడ్ రెండు మెగావాట్లు పైకి పోతోంది, రెండు మెగావాట్లు కిందికి వస్తోంది. ఆ మాత్రం మామూలే అనుకున్నాం. అరగంట గడిచేసరికి ఆ ఊగు ఎనిమిదికి, పదికి పెరిగింది. స్టీమ్ ప్రెషర్ కూడా అలాగే ఊగుతోంది, కాకపోతే కాస్త వెనకగా. మనిషి పడుకున్నప్పుడు ఛాతీ లేచి పడినట్టు, రికార్డర్ కాగితం మీద నున్నటి అలలు.

డెస్క్ మీద ఉన్న ఆపరేటర్ చాలా సీనియర్. ఆయన ఆ గీతను చూస్తూ, "సార్, ఇది ఊపిరి తీస్తోంది సార్" అన్నాడు. కంట్రోల్ రూమ్‌లో ఏడుగురం ఉన్నాం. ఒక్కరు కూడా నవ్వలేదు.

బొగ్గు ఎంత పోవాలో చెప్పే కోల్ మాస్టర్‌ను మాన్యువల్‌లో పెట్టించాను. పది నిమిషాల్లో గీత సాపు అయ్యింది. మర్నాడు పగలంతా వెతికాం. ఏ కార్డులోనూ తప్పు లేదు, ఏ వాల్వూ పట్టేయలేదు, ఏ ట్రాన్స్‌మిటరూ తప్పు చూపించలేదు. జరిగింది ఇది: లోడ్ తగ్గిందని కంట్రోలర్ బొగ్గు ఎక్కువ అడుగుతుంది. ఆ బొగ్గు ఫీడర్ నుంచి మిల్లులో పడి, పొడై, గాలితో ఫర్నేస్‌లోకి వెళ్లి, మండి, ఆవిరిగా మారేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా టర్బైన్‌లోకి ఆవిరిని వదిలే గవర్నర్ వాల్వు ప్రెషర్ పడిపోతోందని మూసుకుంటుంది. లోడ్ ఇంకా తగ్గుతుంది, బొగ్గు ఇంకా అడుగుతారు. తీరా ఆవిరి వచ్చేసరికి అవసరం తీరిపోయి ఉంటుంది. ఒకరు చెప్పిన మాట ఇంకొకరికి మూడు నిమిషాలు ఆలస్యంగా వినపడుతుంటే సంభాషణ ఎలా ఉంటుందో అలా. మేం హంటింగ్ అంటాం, నీ పుస్తకంలో కూడా ఉంటుంది. కానీ పుస్తకంలో చదవడం వేరు, 210 మెగావాట్ల యంత్రం నీ కళ్ల ముందు ఊపిరి తీయడం వేరు. ఆ ఊపిరి బాయిలర్‌లో లేదు, టర్బైన్‌లో లేదు, ఏ ప్రోగ్రామ్‌లోనూ లేదు. రెంటినీ కలిపిన చోట పుట్టింది.

అందుకే ఓడ చీఫ్ ఇంజనీర్ లాఫోర్జ్, డేటా ఆ ముడులను కనిపెట్టే దృశ్యం దగ్గర నేను ఆపి మళ్లీ చూశాను. రాసినవాళ్లు కొత్త యంత్రాన్ని కనిపెట్టలేదు, కొత్త ప్రోగ్రామ్‌ను కనిపెట్టలేదు. ఉన్న వ్యవస్థల మధ్య కొత్త కలయికలు పెట్టారు, అంతే. సరిగ్గా పెట్టాల్సిన చోట పెట్టారు.

ఇలాంటివి మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. చీమల పుట్టలో పెద్ద చీమ కూర్చుని ఆర్డర్లు వేయదు. పక్షుల గుంపు ఒక్కసారిగా మలుపు తిరిగితే అందులో నాయకుడెవరూ ఉండరు. 1986లో క్రెయిగ్ రేనాల్డ్స్ కంప్యూటర్‌లో మూడు చిన్న నియమాలు పెట్టి అచ్చం అలాంటి గుంపును ఎగరేశాడు. 1972లో భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ ఒక వ్యాసంలో, ఎక్కువైన కొద్దీ వస్తువు తీరే మారిపోతుందని వాదించాడు. నీ సబ్జెక్టుకి దగ్గర ఉదాహరణ కావాలంటే 2012 జూలై 31 చూడు. బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్ అయ్యింది. అక్కడి నుంచి ఒక్కొక్క రిలే, అంటే తేడా వస్తే లైనును తెంచే రక్షణ పరికరం, తన పని తాను చేసింది, తన పరికరాన్ని తాను కాపాడుకుంది. అందరూ తమ తమ డ్యూటీ చేస్తే మొత్తం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు పడిపోయాయి. 60 కోట్ల మందికి పైగా కరెంటు లేకుండా ఉండిపోయారు. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో ఏసీ లైన్లతో కలవలేదు, అందుకే మనం బయటపడ్డాం. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిశాం. ఆ రోజు నుంచి మన తీరంలో తిరిగే టర్బైన్, పంజాబ్‌లో తిరిగే టర్బైన్ ఒకే తాళంలో తిరుగుతున్నాయి. ఎక్కడో పెద్ద యూనిట్ ట్రిప్ అయితే ఇక్కడ మీటర్ మీద ఫ్రీక్వెన్సీ చటుక్కున పడుతుంది. నిద్రలో కాలికి దోమ కుడితే ఒళ్లంతా కదిలినట్టు ఉంటుంది. నేను ఆ సూది వైపు ఎన్ని రాత్రులు చూస్తూ కూర్చున్నానో చెప్పలేను.

అయితే ఆ గ్రిడ్ బతికి ఉందా? లేదు. మా యూనిట్ బతికిందా? లేదు. ఇక్కడే అసలు విషయం ఉంది.

మా తమ్ముడు విడవలూరు మండలంలో వనామి రొయ్యల సాగు చేస్తాడు. రెండు రోజులు మబ్బు పట్టిందంటే వాడికి నిద్ర ఉండదు. ఎండ లేక ఆల్గే (నీటి నాచు) చచ్చిపోతే తెల్లారేసరికి చెరువు నీళ్ల రంగే మారిపోతుంది, డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు అన్నీ వేసినా రొయ్యలు పైకి తేలతాయి. ఆల్గే, బ్యాక్టీరియా, రొయ్యలు, మేత, ఎండ, అన్నీ కలిసిన చోట చెరువుకి ఒక తీరు వస్తుంది. దానిలోని ప్రతి భాగమూ ప్రాణమున్నదే. అయినా చెరువుకి చెరువుగా ఏమీ కావాలని ఉండదు. కాబట్టి ప్రవర్తన పుట్టుకురావడం ఒకటి, ప్రాణం ఇంకొకటి. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. "బాగా సంక్లిష్టమైతే దానంతట అదే మేలుకుంటుంది" అంటారు. దానికి రుజువు లేదు.

మరి ప్రాణాన్ని ఎలా గుర్తుపట్టాలి? నా దగ్గర ఒక్కటే ప్రశ్న ఉంది, కంట్రోల్ ఇంజనీర్ ప్రశ్న: సెట్ పాయింట్ ఎవరు పెట్టారు?

ఏ లూపు అయినా తీసుకో. కొలిచేది ఒకటి ఉంటుంది, ఎంత ఉండాలో చెప్పేది ఒకటి ఉంటుంది (అదే సెట్ పాయింట్), రెంటి మధ్య తేడాను బట్టి కదిలేది ఒకటి ఉంటుంది. మా డ్రమ్ లెవెల్ లూపు పగలూ రాత్రీ నీటి మట్టాన్ని పట్టుకుని ఉంటుంది. చూస్తే ఎంతో పట్టుదల ఉన్నట్టు ఉంటుంది. కానీ ఆ మట్టం ఎంత ఉండాలో చెప్పింది మనిషి. బాయిలర్ పేలిపోకూడదన్న కోరిక నాది, బాయిలర్‌ది కాదు. నీ ఒంట్లో వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. ఆ అంకె ఎవరూ వచ్చి నీకు పెట్టలేదు. బతకడం కోసం ఆ ఒళ్లే పట్టుకున్న అంకె అది.

1940ల చివర్లో బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే నాడీ శాస్త్రవేత్త చిన్న చక్రాల తాబేళ్లు చేశాడు. ఎల్మర్, ఎల్సీ అని పేర్లు. లోపల రెండే రెండు రేడియో వాల్వులు, వెలుగును పసిగట్టే కన్ను ఒకటి, తగిలితే తెలిసే స్విచ్చి ఒకటి. అవి గదిలో తిరుగుతూ, అడ్డొస్తే తప్పుకుంటూ, ఛార్జింగ్ తగ్గితే దీపం పెట్టిన తమ గూటికి తామే వెళ్లేవి. చూసినవాళ్లకి ప్రాణమున్నట్టే అనిపించేది. ఆకలి ఉన్నట్టు కూడా అనిపించేది. కానీ ఆ ఆకలి వాల్టర్ పెట్టిందే. ఎంత తగ్గితే గూటికి వెళ్లాలో ఆయనే అమర్చాడు.

ఇప్పుడు ఆ కొలతతో ఎపిసోడ్ చూడు. ఓడ తనంతట తాను వార్ప్‌లోకి దూకడం నీకు పెద్ద వింతగా అనిపించి ఉంటుంది. నాకు అక్కడ ఏమీ అనిపించలేదు. మా టర్బైన్ కూడా అంతే. వైబ్రేషన్ హద్దు దాటితే షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అడగదు, సూపరింటెండెంట్‌కి ఫోన్ చేయదు, ట్రిప్ అయి ఊరుకుంటుంది. తరువాత ముందుగా ఏ కారణం వచ్చిందో చూపించే ఫస్ట్ అవుట్ అలారం చూసుకుని "అమ్మయ్య, మంచి పని చేసింది" అంటాం. ఓడను కాపాడాలన్నది ఆ ఓడ కట్టినవాళ్ల సెట్ పాయింట్. దారి కొత్తదే అయినా గమ్యం మనిషి పెట్టిందే.

నేను నిటారుగా కూర్చున్నది ఆ తరువాత. ఓడ వెర్టియాన్లు పోగు చేయడానికి బయలుదేరిన చోట. ఆ కణాలు ఓడ నడవడానికి అక్కర్లేదు. సిబ్బందికి అక్కర్లేదు. ఏ ఇంజనీరూ వాటి కోసం మీటర్ పెట్టలేదు. అవి లేకపోతే ఎవరికీ లోటు లేదు, ఆ సరుకుల గదిలో పెరుగుతున్న దానికి తప్ప. వాటికోసం ఆ వల ఓడను నక్షత్రం దాకా తీసుకుపోయింది, ఆఖరికి మనుషులు పీల్చే గాలికి కూడా ముప్పు వచ్చింది. కట్టినవాళ్లు పెట్టిన సెట్ పాయింట్‌ను పక్కకు నెట్టి తనదైన సెట్ పాయింట్ ఒకటి పెట్టుకుంది. ఆ నిమిషం నుంచి దాన్ని యంత్రం అనడానికి నాకు నోరు రాదు.

వెర్టియాన్ కణాలు కల్పన, వెతకొద్దు. తెల్ల మరుగుజ్జు నక్షత్రం మాత్రం నిజం. ఇంధనం అయిపోయిన నక్షత్రం భూమి అంత సైజుకి కుంచించుకుపోయి, సూర్యుడంత బరువుతో చల్లారుతూ ఉంటుంది. దాని బరువుకి ఒక హద్దు ఉందని, అది సుమారు 1.4 సూర్యుల బరువని తేల్చినవాడు మన భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్. 1930లో, 19 ఏళ్ల వయసులో, చదువుకోసం ఇంగ్లండ్ వెళ్తూ సముద్రం మీద ఓడలో కూర్చుని ఆ లెక్క మొదలుపెట్టాడు. మా రోజుల్లో మద్రాసులో చదివిన లెక్చరర్లు ఆ మాట చెబుతుంటే మాకు రోమాలు నిక్కబొడుచుకునేవి.

ఇక నీ రైలు.

చాలామంది ఈ ఎపిసోడ్‌ను తిట్టేది రైలు దగ్గరే. ఆ పెట్టెలో కవచం తొడుక్కున్న యోధుడు ఒకడు కాగితం బొమ్మలు కత్తిరిస్తుంటాడు. తుపాకీ పట్టిన కౌబాయ్ ఉంటాడు, రౌడీ ఉంటాడు, ఒక జంట బొమ్మల పజిల్ పేరుస్తుంటారు. బంగారు ఇటుక కోసం రైలు నడిపేవాణ్ణి కాల్చేస్తారు. ఆ ఇటుకను కీస్టోన్ సిటీలో గోడలో పెట్టాలి, తరువాత వెర్టిఫారం సిటీ చేరాలి. తలా తోకా లేదంటారు. నేను ఒప్పుకోను.

ఆ మనసు పుట్టి కొన్ని గంటలే అయ్యింది. దానికి భాష లేదు. దానికి తెలిసిన బొమ్మలన్నీ సిబ్బంది హోలోడెక్‌లో ఆడుకున్న కథలే. ఒకరి నాటకం, ఒకరి కౌబాయ్ కథ, ఇంకొకరి రైలు ప్రయాణం. చేతికి అందిన ముక్కలతోనే ఆలోచించుకోవాలి. మనం కలలో చేసేది కూడా ఇదే కదా. నైట్ షిఫ్టులు చేసిన రోజుల్లో పగలు నిద్రపోతే నాకు వచ్చే కలలో నెల్లూరు రైల్వే స్టేషన్ ఉండేది. ప్లాట్‌ఫారం మీద మా నాన్న కూర్చుని ఉండేవాడు, వెనక నుంచి ఫీడ్ పంపు చప్పుడు వినిపిస్తుండేది. రైలు కదలకపోతే అది నా తప్పేనని టెన్షన్. లేచాక అర్థం లేదనిపించేది. కానీ ఆ కల దేని గురించో నాకు తెలుసు. ఆ వారం పంపు బేరింగ్ నన్ను పీక్కుతింటోంది.

ఆ పజిల్ ఏ ఆకారంలో వస్తోందో గమనించావా? గోడల వెనక దొరికిన ముడుల అమరికే అది. ఆ దృశ్యాల్లో పాత్రలు ఓడలోని ఒక్కో పని అనుకుని చూస్తే గొడవంతా అర్థమవుతుంది. ఎవరు ముందుండాలి, ఎవరు స్టీరింగ్ పట్టాలి అని వాళ్లలో వాళ్లు తన్నుకుంటున్నారు. మా రెండు లూపులు ఆ రాత్రి తన్నుకున్నట్టే. వాళ్లు రైలు నడిపేవాణ్ణి కాల్చేశారంటే పాత కంట్రోలర్‌ను తీసేశారన్నమాట. ఇది నా ఊహ. కానీ ఈ ఊహతో ఒకసారి మళ్లీ చూస్తే అతుకు ఎక్కడా కనపడదు.

అసలు ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ 1883లో పారిస్ నుంచి మొదలైన రైలు. కథలో అది బొగ్గుతో నడిచే రైలు. ఒకచోట ఓడ సిబ్బందిలోని వోర్ఫ్, అంత పెద్ద యోధుడు, పార పట్టుకుని ఇంజన్‌లోకి బొగ్గు ఎగదోస్తాడు. ఆ దృశ్యం నాకు ప్రాణం. మా 210 మెగావాట్ల యూనిట్ గంటకి నూరు టన్నుల పైన బొగ్గు తింటుంది. ఇప్పటికీ మా ఇంటికి రాత్రిళ్లు కృష్ణపట్నం పోర్టు నుంచి వెంకటాచలం మీదుగా వచ్చే గూడ్సు చప్పుడు లీలగా వినపడుతుంది. ఎక్కడో ఒక ఫర్నేస్ ఎదురుచూస్తోందని అనుకుంటాను. వోర్ఫ్ బొగ్గు వేస్తున్నప్పుడు ఆయన ఓడకి సాయం చేస్తున్నాడు. దాని కలలోకి వెళ్లి, దాని భాషలో సాయం చేస్తున్నాడు. సిబ్బంది దాన్ని ఆపాలని చూడటం మానేసి, "నీకేం కావాలి, మేమేం చెయ్యాలి" అన్న వైపు తిరిగిందీ ఈ భాగంలోనే.

నక్షత్రం దగ్గర కణాలు చాలకపోతే వాళ్లే ఇంకో చోటు వెతికి, ఒక నెబ్యులాలో, అంటే అంతరిక్షంలోని వాయువుల మేఘంలో, టార్పెడో పేల్చి వెర్టియాన్లు పుట్టిస్తారు. ఆ రూపం పూర్తయి ఓడలో నుంచి బయటికి వెళ్లిపోతుంది. ముడులు మాయమవుతాయి. ఎంటర్‌ప్రైజ్ మళ్లీ మామూలు ఓడ. అంటే ఓడ తన కోసం బతకలేదు. ఒక బిడ్డను కని, వెనక్కి తగ్గిపోయింది. నీ ప్రశ్నలో "ఓడకి ప్రాణం వచ్చింది" అన్నావు. నేనైతే ఓడ నీళ్లోసుకుంది అంటాను.

చివరి ప్రశ్న, కెప్టెన్ చేసింది సబబేనా అని. డేటా కూడా ఇదే అడుగుతాడు: అది ప్రమాదకరమైనది కావచ్చు కదా, ఎలా నమ్మారు? పికార్డ్ చెప్పేది క్లుప్తంగా ఇది. ఆ మనసు మన ప్రయాణాల రికార్డుల నుంచి, మన అనుభవాల నుంచి పుట్టింది. మనం ఆ ఓడలో నిజాయితీగా బతికామని అనుకుంటే, వాటి మొత్తం నుంచి వచ్చినది కూడా అలాగే ఉంటుందని నమ్మొద్దా?

చాలామంది దీన్ని మంచి డైలాగ్ అని వదిలేస్తారు. నాకు మాత్రం షిఫ్ట్ లాగ్ బుక్ గుర్తొచ్చింది. ఒక రాత్రి ఒక కుర్రాడు, పేరు అక్కర్లేదు, ఫ్యాన్ బేరింగ్ ఉష్ణోగ్రతలు మూడు గంటలవి ఒకేసారి కూర్చున్న చోటే రాసేశాడు. 62, 62, 63. చూడ్డానికి ఎంతో అందంగా ఉన్నాయి. నేను టార్చి తీసుకుని వెళ్లి చూస్తే 78 ఉంది. మేం చూశాం కాబట్టి సరిపోయింది, లూబ్ ఆయిల్ ఫిల్టర్ మార్చి గట్టెక్కాం. ఆ కుర్రాణ్ణి తిట్టలేదు. ఆ పేజీ ముందు కూర్చోబెట్టి, "పొద్దున షిఫ్టు వాళ్లు ఈ 63ని నమ్మి ఆ ఫ్యాన్ పక్కన నిలబడతారు" అని మాత్రం చెప్పాను. ఆయన ఇప్పుడు మంచి ఇంజనీర్.

ఆ ఓడలాగే ఒక మనసు మా లాగ్ బుక్కుల నుంచి పుట్టి ఉంటే ఏం నేర్చుకునేది? 31 ఏళ్ల పేజీలు. వాటిలో టార్చి పట్టుకుని తిరిగి రాసిన అంకెలున్నాయి, కూర్చుని రాసిన అంకెలూ ఉన్నాయి. రెండూ నేర్చుకునేది. పికార్డ్ ఆ మనసును నమ్మాడంటే, ముందు తన సిబ్బంది ఏడేళ్ల లాగ్‌ను నమ్మాడన్నమాట. అది ఊరికే వదిలెయ్యడం కాదు. తన షిఫ్టు మీద తాను సంతకం పెట్టడం. నేను ఆ కుర్చీలో ఉంటే అంత ధైర్యంగా పెట్టగలిగేవాణ్ణా అని మొన్న రాత్రి చాలాసేపు ఆలోచించాను. మా షిఫ్టు వరకు పెట్టేవాణ్ణి. స్టేషన్ మొత్తం మీద పెట్టలేను.

నువ్వు అడగలేదు కానీ, ఇప్పటి ఏఐ ఇదేనా అని కింద ఇంకెవరో అడిగారు. పోలిక ఒకటి ఉంది. అవి కూడా మనుషులు రాసి పెట్టిన దాన్నుంచే నేర్చుకుంటాయి, అంటే మన లాగ్ బుక్కులే. కానీ దేన్ని సాధించాలో, దేన్ని తగ్గించాలో శిక్షణ ఇచ్చేటప్పుడు మనుషులే పెడుతున్నారు. గ్రే వాల్టర్ గూట్లో దీపం పెట్టినట్టు. నా ప్రశ్న అక్కడ కూడా అదే. మనిషి పెట్టని సెట్ పాయింట్ ఒకటి కనపడే దాకా నేను ప్రాణం అనే మాట వాడను. కనపడిన రోజు మాత్రం వెంటనే వాడతాను, వెనకాడను.

ఈ సిరీస్‌లో ఇదే విషయం మీద ఇంకా చూడాలంటే రెండో సీజన్‌లో 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' ముందు చూడు. డేటా మనిషా, వస్తువా అని విచారణ జరుగుతుంది. తరువాత ఆరో సీజన్‌లో 'ద క్వాలిటీ ఆఫ్ లైఫ్'. అందులో పనిముట్లుగా చేసిన చిన్న యంత్రాలు ప్రమాదం ఉన్నచోటికి వెళ్లనంటాయి. సెట్ పాయింట్ ప్రశ్న అందులో ఇంకా సూటిగా ఉంటుంది. మూడో సీజన్‌లో 'టిన్ మ్యాన్'లో పుట్టుకతోనే ప్రాణమున్న ఓడ వస్తుంది. బాగుంటుంది కానీ నీ ప్రశ్నకి అది జవాబివ్వదు.

నీకు ఒక పని చెబుతాను. కాలేజీ కంప్యూటర్‌లో రెండు పీఐ లూపులు (ఇప్పటి తేడాను, పోగైన తేడాను చూసి సరిదిద్దేవి) రాయి. ఒకటి బొగ్గుతో లోడ్‌ను పట్టుకునేది, ఒకటి వాల్వుతో ప్రెషర్‌ను పట్టుకునేది. విడివిడిగా ట్యూన్ చేసి, రెండూ చక్కగా నిలబడ్డాక కలుపు. బొగ్గు వైపు ఆలస్యాన్ని 30 సెకన్ల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా 180 దాకా పెంచుకుంటూ పో. ఎక్కడో ఒకచోట గీత ఊపిరి తీయడం మొదలుపెడుతుంది. అది ఏ లూపులో ఉందో వేలు పెట్టి చూపించగలవేమో ప్రయత్నించు. గ్రాఫ్ ఇక్కడ పెట్టు బాబూ, నేను చూస్తాను.